నమ్మకం సడలిన తర్వాత సంఘంలో ఎలా ఉండాలి? దేవాలయ సిఫారసు ఇంటర్వ్యూకు ముందు ఒక పాత సభ్యుడి ప్రశ్న

ప్రశ్న: లోయవాసి (యూటా)

నేను సికింద్రాబాద్‌లో ఒక బాప్టిస్టు కుటుంబంలో పుట్టాను. 1990లలో, నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో, మా నాన్నగారు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘంలో, అంటే లోకం మోర్మన్ సంఘమని పిలిచే సంఘంలో, బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన వెంట అమ్మ, నేను, చెల్లెలు కూడా చేరాం. తర్వాత నేను బెంగళూరు మిషన్‌లో మిషనరీగా సేవ చేశాను. ఉద్యోగం మీద అమెరికా వచ్చి సాల్ట్‌లేక్ లోయలో స్థిరపడ్డాను, సంఘంలోని అమ్మాయినే పెళ్లి చేసుకున్నాను, ఆదివారం తరగతుల్లో ఏళ్ల తరబడి బోధించాను. టీ, కాఫీలు ముట్టకుండా, సంపాదనలో పదోవంతు దశమభాగంగా ఇస్తూ, ఉపవాస ఆదివారం నాడు అందరి ముందు నిలబడి ఈ సంఘం సత్యమైనదని నాకు తెలుసునని సాక్ష్యం చెబుతూ వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఆ సాక్ష్యం నేను చెప్పలేకపోతున్నాను.

ఎవరో నన్ను నొప్పించినందువల్ల ఇలా జరగలేదు. మనలో ఎవరైనా దూరమవుతుంటే వారిని ఎవరో అవమానించి ఉంటారనో, వారు ఏదో పాపం దాచుకుంటున్నారనో అనుకోవడం చాలామందికి అలవాటు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. నా విషయంలో ఇది చదువుతో మొదలైంది. అదీ సంఘం తన అధికారిక వెబ్‌సైటులో 2013 చివరి నుంచి వరుసగా ప్రచురించిన వ్యాసాలతోనే మొదలైంది. మా లేఖన గ్రంథాల్లో ఒకటైన ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’లో బహుభార్యాత్వం గురించిన 132వ ప్రకరణం పాఠం చెప్పవలసి వచ్చిన వారంలో, యూటాకు రాకముందు సంఘం ఉన్న నావూ పట్టణంలోని బహుభార్యాత్వం గురించి 2014లో వచ్చిన వ్యాసం చదివాను. నేను నేర్చుకున్న పాఠాల్లో బహుభార్యాత్వం, సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ తర్వాత నాయకుడైన బ్రిగం యంగ్‌తోనూ యూటా ఎడారితోనూ మొదలయ్యేది. ఈ వ్యాసంలో మాత్రం, జోసెఫ్ స్మిత్‌కు ముద్రింపబడిన, అంటే మరణం తర్వాత కూడా నిలిచే బంధంతో కలపబడిన, స్త్రీల సంఖ్య 30కీ 40కీ మధ్య ఉంటుందని జాగ్రత్తగా లెక్కవేసిన అంచనాలు చెబుతున్నాయని, వారిలో కొందరికి అప్పటికే భర్తలు ఉన్నారని, హెలెన్ మార్ కింబల్ అనే అమ్మాయికి పదిహేనో పుట్టినరోజుకు ఇంకా కొన్ని నెలలు ఉందని స్పష్టంగా రాసి ఉంది. అప్పుడు మా చెల్లెలి కూతురికి సరిగ్గా అదే వయసు.

తర్వాత మా లేఖనాల్లో మరొకటైన అబ్రాహాము గ్రంథం గురించిన వ్యాసం చదివాను. 1835లో ఒహైయోలోని కర్ట్‌లాండ్‌లో, ఊరూరా మమ్మీలను ప్రదర్శించే ఒక వ్యాపారి దగ్గర మమ్మీలతో పాటు పపైరస్ చుట్టలు కొన్నారని, వాటి నుంచి జోసెఫ్ స్మిత్ అనువదించినదే ఆ గ్రంథమని మిషన్‌లో నేనే బోధించాను. (హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీని చిన్నప్పుడు చూసి ఉండటం వల్ల, ఆ కథ నాకు మరీ దగ్గరగా అనిపించేది.) ఆ చుట్టల్లో మిగిలిన ముక్కలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడి, 1967లో సంఘం చేతికి వచ్చాయి. అవి మృతుల కోసం రాసిన అంత్యక్రియల పాఠాలని, వాటిలో అబ్రాహాము పేరు ఎక్కడా లేదని విశ్వాసులైన ఈజిప్టు శాస్త్రజ్ఞులు కూడా అంగీకరించారని వ్యాసమే చెబుతోంది. దీనికి సంఘం ఇచ్చే వివరణలు ఉన్నాయి, వాటిని నేను విరోధభావం లేకుండా, అవి నిలబడితే బాగుండునన్న ఆశతోనే చదివాను. అవి నా మనసులో నిలబడలేదు.

ఇంత అయినా నేను వెళ్లిపోలేదు. మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమె బతికి ఉన్నప్పుడు మేము నలుగురం విదేశంలోని దేవాలయానికి వెళ్లి ఒక కుటుంబంగా నిత్యత్వానికి ముద్రింపబడ్డాం. ఆ ప్రయాణం కోసం నాన్నగారు ఇంటి స్థలం అమ్మారు. 2018 ఏప్రిల్‌లో బెంగళూరులో దేవాలయం కడతామని అప్పటి సంఘాధ్యక్షులు రస్సెల్ నెల్సన్ ప్రకటించినప్పుడు, నాన్నగారు నాకు ఫోన్ చేసి, ఇక చనిపోయిన మన పెద్దలందరి పేరిటా దేవాలయ కార్యాలు అక్కడే చేయించవచ్చు నాయనా అని ఏడ్చారు. తాతముత్తాతల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు రాసిన నోటుపుస్తకం ఆయన దిండు కిందే ఉంటుంది. నా భార్య పూర్తి విశ్వాసంతో ఉంది. మా అబ్బాయికి 18 నిండాయి, మిషన్‌కు దరఖాస్తు చేశాడు. బయలుదేరే ముందు దేవాలయంలో వాగ్దత్త వరం, అంటే దేవునితో పవిత్ర వాగ్దానాలు చేసే కార్యం, పొందుతాడు. ఆ రోజు వాడి పక్కన కూర్చోవాలంటే దేవాలయం లోపలికి అనుమతించే సిఫారసు పత్రం నా దగ్గర చెల్లుబాటులో ఉండాలి. నా పత్రం గడువు ముగియబోతోంది.

పత్రం పునరుద్ధరించడానికి మా స్థానిక సంఘ పెద్ద అయిన బిషప్ చేసే ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు 2019 అక్టోబరు సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ చదివారు కనుక అందులో రహస్యం లేదు. జోసెఫ్ స్మిత్ ద్వారా జరిగిందని సంఘం బోధించే సువార్త పునఃస్థాపన గురించి మీకు సాక్ష్యం ఉందా అని అడుగుతారు. సంఘాధ్యక్షుణ్ణి ప్రవక్తగా, దీర్ఘదర్శిగా బలపరుస్తున్నారా అని అడుగుతారు. మీరు చేసే ప్రతి పనిలోనూ నిజాయితీగా ఉండటానికి ప్రయత్నిస్తున్నారా అని కూడా అడుగుతారు. ముందటి రెండింటికీ అవునని చెబితే ఈ మూడోదానికి అవునని చెప్పే అర్హత నాకు ఉండదు.

ఇలాంటి స్థితిలో ఉన్నవారు, లేదా ఇలాంటివారితో జీవిస్తున్నవారు, దయచేసి చెప్పండి. అబ్బాయి కోసం ఈ ఒక్కసారికి అవునని చెప్పి పత్రం తీసుకోవడం తప్పా? భార్యకు నా సందేహాలు కొన్ని తెలుసు గాని, నమ్మకం పోయిందని తెలియదు. ఆమెకు ఎలా చెప్పాలి? ఎనభై దగ్గరపడిన నాన్నగారికి అసలు చెప్పాలా?

జవాబు: గోదావరి ఆడపడుచు (అరిజోనా)

అన్నయ్యగారూ, మాది రాజమండ్రి. నేనూ అక్కడే సంఘంలో చేరాను, ఇప్పటికీ విశ్వాసంతోనే ఉన్నాను. నమ్మకం పోయింది మా వారికి. ఆయన ఇక్కడివారే, ఆయన పూర్వీకులు చేతిబండ్లు లాక్కుంటూ మైదానాలు దాటి యూటా చేరినవారు. అందువల్ల మీ ప్రశ్నకు మీ భార్య వైపు నుంచి జవాబు చెప్పగలను.

మా వారు చాలాకాలం ఒంటరిగా చదివి, ఒంటరిగా బాధపడి, ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక అంతా ఒకేసారి చెప్పేశారు. పపైరస్ ముక్కలు, మన లేఖనమైన మోర్మన్ గ్రంథాన్ని అనువదించేటప్పుడు జోసెఫ్ స్మిత్ టోపీలో పెట్టుకుని చూసిన దర్శన శిల, దేవుడు తనకు కనబడ్డాడని చెప్పిన మొదటి దర్శనం గురించి ఆయన వేర్వేరు సంవత్సరాల్లో చెప్పిన వృత్తాంతాల మధ్య తేడాలు, అన్నీ తేదీలతో సహా వరుసగా చెప్పుకుంటూ పోయారు. ఆయన చెప్పినవాటిలో అబద్ధం ఏదీ లేదని నాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం ఆ చరిత్ర ఏదీ నా చెవికి ఎక్కలేదు. మన పెళ్లి నిత్యత్వానికి అని నువ్వు నమ్మావు, నేను ఇక నమ్మడం లేదు అని మాత్రమే నాకు వినబడింది. మన పెళ్లి మరణంతో ముగిసిపోదన్న నమ్మకం మీదే మేం సంసారం మొదలుపెట్టాం కదా. ఆ నమ్మకం ఆయనకు లేకపోతే ఆయన దృష్టిలో నేను ఎవరిని అన్న ప్రశ్నే నన్ను నెలల తరబడి నిద్ర పోనివ్వలేదు.

కాబట్టి మీరు మొదట చెప్పవలసింది ఆమెకు. బిషప్‌కు చెప్పకముందే, అబ్బాయికి చెప్పకముందే ఆమెకు చెప్పండి. ఇంటర్వ్యూ గదిలో మీరు ఏం చెప్పారో ఆమె మరొకరి ముఖంలో చదువుకోవలసిన పరిస్థితి రానివ్వకండి. వ్యాసాలు, ఆధారాలు చేతిలో పట్టుకుని వెళ్లకండి. ఆమె అడిగినప్పుడు, అడిగినంతవరకే చూపండి. మీలో పోయినవాటి కంటే ముందు మిగిలినవాటిని చెప్పండి: ఆమెతో కలిసి బతకాలన్న నిశ్చయం ఉందా, క్రీస్తు మీద విశ్వాసం ఉందా, ప్రార్థన ఉందా, ఆదివారం ఆమె పక్కన కూర్చుంటారా. మా వారు ఇవన్నీ చెప్పడానికి చాలా ఆలస్యం చేశారు, ఆ మధ్యకాలంలో ఆయన సంఘంతో పాటు నన్నూ వదిలేస్తున్నారనే నేను అనుకున్నాను.

ఇంకొక సంగతి. మా వారికి నమ్మకం పోయినా మోర్మన్‌గా ఉండటం పోలేదు. జులై 24న, యూటా చేరిన తొలి సభ్యులను తలచుకునే పయనీర్ దినం వస్తే తన ముత్తాతల కథలు పిల్లలకు చెబుతారు, కీర్తనలు ఇప్పటికీ గొంతెత్తి పాడతారు, బంధువుల కూటాలకు అందరికంటే ముందు వెళతారు. వారికి అది మతమే కాక ఒక వంశం, ఒక జాతి కూడా. మనకు అలాంటిది లేదు. బాప్టిస్టు బంధువులందరూ తప్పు బోధలో పడిపోయారని అంటున్నా లెక్కచేయకుండా, సత్యమని నమ్మే మనం చేరాం. ఆ నమ్మకమే పోతే కింద పట్టుకోవడానికి మనకు పయనీర్లు లేరు. మీ బాధ ఇక్కడి మిత్రులకు పూర్తిగా అర్థం కాకపోవడానికి ఇదొక కారణమని నాకు అనిపిస్తుంది.

మీ అబ్బాయి దేవాలయం సంగతి. మా అమ్మాయికి దేవాలయంలో పెళ్లి ముద్రణ జరిగిన రోజున నేను లోపల ఉన్నాను, మా వారు బయట తోటలో అల్లుడి తమ్ముళ్లతో ఉన్నారు. కష్టంగా లేదని చెప్పను. కానీ అమ్మాయికి అంతకుముందే తెలుసు, తండ్రి స్వయంగా చెప్పారు. అందువల్ల ఆ రోజు ఆమెకు అనుకోని దెబ్బ ఏదీ తగల్లేదు. మీ అబ్బాయికి కూడా వాడు వెళ్లేలోపే, చరిత్ర జోలికి పోకుండా, పది నిమిషాల్లో చెప్పండి. మిషన్ మధ్యలో ఇంటి నుంచి ఈ వార్త వినడం వాడికి ఇంకా కష్టం.

జవాబు: పాత కాగితాలు (హైదరాబాద్)

నేను ఈ సంఘ సభ్యుణ్ణి కాను. అమెరికా మత చరిత్ర నా చదువు. కుటుంబ విషయాల్లో సలహా ఇచ్చే అర్హత నాకు లేదు, చరిత్ర గురించి మాత్రం కొంత చెబుతాను.

ఇలాంటి స్థితిలో ఉన్నవారు చాలామంది మొదట పట్టుకునే మాట, సంఘం ఇదంతా దాచిపెట్టిందన్నది. లోయవాసిగారు ఆ మాట అనలేదు, కానీ ఆయన చదువు సాగే కొద్దీ ఎదురవుతుంది. అది సగమే నిజం. మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి వచ్చిన పపైరస్ ముక్కల ఫోటోలను సంఘ పత్రికే 1968లో రంగుల్లో అచ్చు వేసింది. జోసెఫ్ స్మిత్ శిలను టోపీలో పెట్టి ముఖం అందులో ఆనించేవాడని మోర్మన్ గ్రంథపు తొలి సాక్షుల్లో ఒకరైన డేవిడ్ విట్మర్ చెప్పిన సాక్ష్యాన్ని, అప్పటికి అపొస్తలుడిగా ఉన్న రస్సెల్ నెల్సనే 1993లో సంఘ పత్రికలో ఉదాహరించారు. ఆ శిల ఫోటోను 2015లో సంఘం ప్రచురించింది. ఇంకొకవైపు, జోసెఫ్ స్మిత్ 1832లో కొంత స్వహస్తంతో రాసిన మొదటి దర్శన వృత్తాంతం 1965 దాకా పాఠకులకు అందుబాటులోకి రాలేదు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో మాత్రం అనువాదకుడు బల్ల ముందు కూర్చుని, మోర్మన్ గ్రంథానికి మూలమని చెప్పే బంగారు పలకలను వేలితో చదువుతూనే ఉన్నాడు. అందువల్ల సమాచారం పత్రికల మూలల్లో ఉంటూ వచ్చింది, విశ్వాసుల మనసులో నాటుకున్న చిత్రం మరొకటి. నమ్మకం కోల్పోయినవారి కోపంలో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్య దూరం మీదే ఉంటుందని నా అభిప్రాయం. కోపం న్యాయమైనదే అయినా, ఎవరిమీద ఎంత అన్నది ఆధారాలను బట్టి ఉండాలి.

మరొక విషయం. ఈ సంప్రదాయంలో విశ్వాసమంటే ఉంటే మొత్తం ఉండాలి, లేకపోతే ఏమీ లేదన్న భావన బలంగా ఉంది. చరిత్రలో మాత్రం ఇది ఒకే పాయగా ప్రవహించలేదు. 1844 జూన్‌లో కార్తేజ్ చెరసాలలో జోసెఫ్ స్మిత్ హత్య జరిగాక అందరూ బ్రిగం యంగ్ వెంట పడమరకు పోలేదు. మధ్య పశ్చిమంలో మిగిలినవారిలో కొందరు 1860లో ఆయన కుమారుడు మూడవ జోసెఫ్ నాయకత్వంలో మరో సంఘంగా ఏర్పడ్డారు. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ కేంద్రంగా ఉన్న ఆ సంఘం ఈరోజు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అన్న పేరుతో ఉంది. 1980ల నుంచి స్త్రీలకు కూడా యాజకత్వం ఇస్తోంది. అటు వెళ్లమని నేను చెప్పడం లేదు. జోసెఫ్ స్మిత్ నుంచి వచ్చిన వారసత్వంతో జీవించే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయన్నది మాత్రం తెలిసి ఉండటం మంచిది.

జవాబు: విశాఖ పెద్దాయన

బాబూ, నేను వయసులో మీ నాన్నగారికి దగ్గరవాణ్ణి, విశ్వాసంలోనూ ఆయన వైపువాణ్ణే. అందుకని నన్ను ముందే పక్షపాతిగా లెక్కవేసుకుని చదవండి.

మీరు రాసిన చారిత్రక విషయాల్లో దేన్నీ నేను కాదనను. నాకు కొన్ని పదవీ విరమణ తర్వాతే తెలిశాయి. హెలెన్ గురించి చదివిన రోజు నేనూ అన్నం తినలేదు. అయినా నిలబడ్డాను. ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1978 డిసెంబరులో ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు సమోవా నుంచి హైదరాబాద్ వచ్చి తమ బంధువులకు ఈ సువార్త చెప్పారు. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు పాస్టరై ఉండి కూడా మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని చేశారు. మన తెలుగు నేల మీద సంఘం అలా మొదలైంది. 1993లో బెంగళూరు మిషన్ వచ్చింది, 2012లో దేశంలోనే మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సమూహం) హైదరాబాద్‌లో ఏర్పడింది. ఆ ఏళ్లలో నేను చూసింది మనుషుల్ని. తాగుడు మానిన మనిషిని చూశాను. భార్య మీద చెయ్యెత్తడం మానిన మనిషిని చూశాను. పెద్దగా చదువులేని కూలి కుటుంబపు యువకుడు శాఖాధ్యక్షుడై లెక్కలు రాయడం, సభ నడపడం నేర్చుకోవడం చూశాను. కులాల పేర్లు బయట వదిలి ఒకే బల్ల మీది రొట్టె తీసుకోవడం చూశాను. పపైరస్ మీద ఏముందన్న ప్రశ్నకు ఇది జవాబు కాదని నాకు తెలుసు. నేను నమ్మేది మాత్రం ఇందులో ఉంది.

జేన్ మానింగ్ జేమ్స్ గురించి మీరు చదివే ఉంటారు. కనెక్టికట్‌లో పుట్టిన స్వేచ్ఛగల నల్లజాతి స్త్రీ. 1843లో పడవ ఎక్కనివ్వకపోతే కుటుంబంతో వందల మైళ్లు కాలినడకన నావూ చేరింది, జోసెఫ్ స్మిత్ ఇంట్లో పనిచేసింది, 1847లో సాల్ట్‌లేక్ లోయకు వచ్చింది. నల్లజాతివారికి యాజకత్వం, దేవాలయ ఆశీర్వాదాలు లేవన్న నియమం వల్ల ఆమె ఎన్నిసార్లు అడిగినా దేవాలయ వరం ఇవ్వలేదు. 1894లో జోసెఫ్ స్మిత్ కుటుంబానికి సేవకురాలిగా ముద్రించారు, ఆ కార్యానికి కూడా ఆమెను లోపలికి రానివ్వక మరొకరు ఆమె తరఫున నిలబడ్డారు. అయినా ఆమె 1908లో మరణించేదాకా విశ్వాసం విడిచిపెట్టలేదు. ఆ నియమం 1978 జూన్‌లో పోయింది. అదే సంవత్సరం డిసెంబరులో హైదరాబాద్‌లో మనవాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసార్లు ప్రార్థించాను. సంఘం పొరపడగలదు, ఆలస్యంగానైనా దిద్దుకోగలదు, ఆ మధ్యకాలంలో నిలబడేవారు కావాలి అని నాకు అర్థమైంది.

ఇంటర్వ్యూ గురించి: అబద్ధం చెప్పకండి. అబ్బాయి కోసం చెప్పినా అది అబద్ధమే, వాడికి అది ఎప్పుడో తెలుస్తుంది కూడా. కానీ అవును, కాదు అన్న రెండు జవాబులే ఉన్నాయని అనుకోకండి. మోర్మన్ గ్రంథంలో ఆల్మా 32వ అధ్యాయం, నమ్మాలన్న కోరిక మాత్రమే ఉన్నా దానికే లోపల చోటివ్వమంటుంది. మీకు ఆ కోరిక నిజంగా ఉంటే బిషప్ గారితో ఆ మాటే చెప్పండి, ఆయన ఏమంటారో వినండి. ఆ కోరిక కూడా లేకపోతే, ఈసారికి పత్రం వద్దని గౌరవంగా చెప్పి రండి.

నాన్నగారి విషయంలో నాదొక విన్నపం. నేను ఆయన స్థానంలో ఉంటే కొడుకు మనసు నాకు తెలియాలనే కోరుకుంటాను, కానీ ఫోన్‌లో వద్దు.

జవాబు: పేరు వద్దు (టెక్సాస్)

నేను రాజీనామా పత్రం పంపి పూర్తిగా బయటికి వచ్చాను, అందుకు విచారించడం లేదు. లోయవాసిగారు తెలుసుకోవలసిన ఒక్క సంగతి మాత్రం చెబుతాను. సభలకు వెళ్లడం మానేయడం, సభ్యత్వ రికార్డు నుంచి పేరు తీయించుకోవడం ఒకటి కాదు. పేరు తీయిస్తే సంఘం దృష్టిలో బాప్తిస్మం, యాజకత్వం, దేవాలయ ఆశీర్వాదాలు అన్నీ రద్దవుతాయి. మీకు వాటిమీద నమ్మకం లేకపోవచ్చు. మీ భార్యకూ నాన్నగారికీ మాత్రం, అమ్మతో కలిసి పొందిన ముద్రణలో మీ భాగాన్ని మీరే తుడిచేశారన్నట్లు వినబడుతుంది. మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టడం లేదు. నా విషయంలో నాకు ఆ తెంపు అవసరమైంది, మీరు రాసిన దాన్ని బట్టి మీకు అవసరమని అనిపించడం లేదు.

జవాబు: లోయవాసి (యూటా)

అందరికీ నమస్కారాలు. అమ్మా, మీరు చెప్పినట్లే మొదట నా భార్యకు చెప్పాను. కాగితాలేవీ పట్టుకెళ్లలేదు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అడిగిన మొదటి ప్రశ్న దేవుడి గురించీ కాదు, జోసెఫ్ స్మిత్ గురించీ కాదు. ఎప్పటినుంచి ఒక్కడివే మోస్తున్నావు అని అడిగింది. రెండో ప్రశ్న అబ్బాయి గురించి. వాడికి ఇద్దరం కలిసి చెప్పాం. వాడు కొంచెం కోపగించుకున్నాడు, వెళ్లడం మాత్రం మానుకోనన్నాడు, మానుకోవాలని నేను కోరుకోలేదు కూడా. 2019 నుంచి మిషనరీలు వారం వారం ఇంటికి ఫోన్ చేయవచ్చు కనుక, నాతో ఏ విషయమైనా మాట్లాడవచ్చునని, వాడి విశ్వాసాన్ని నేను ఎన్నడూ కదిలించబోనని మాట ఇచ్చాను.

పెద్దాయనా, ఆల్మా 32 గురించి మీరు రాసింది చదివి నన్ను నేను నిజాయితీగా పరీక్షించుకున్నాను. క్రీస్తును నమ్మాలన్న కోరిక నాలో నిండుగా ఉంది. పునఃస్థాపనను నమ్మాలన్న కోరిక, అలసిపోయి, ఆగిపోయింది. అందుకని బిషప్ గారిని కలిసి పత్రం ఇప్పుడు పునరుద్ధరించుకోనని చెప్పాను. ఆయన వాదించలేదు, ప్రార్థన చేశారు. జేన్ మానింగ్ జేమ్స్ విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను, క్షమించాలి. ఆమె నిలబడటం గొప్పది. కానీ ఆమె అడిగింది ఆమె బతికి ఉండగా ఇవ్వలేదు. 1979లో, ఆమె మరణించిన డెబ్భై ఏళ్ల తర్వాత, ఆమె పేరిట మరొకరు ఆ కార్యం చేశారు. ఆమె సహనాన్ని చూసి మేమూ సహించాలన్న పాఠం తీసుకోవడం కంటే, ఆమెను వేచి ఉంచినవారు ఏం నేర్చుకోవాలన్నది నాకు ముఖ్యమైన ప్రశ్నగా కనిపిస్తోంది. ఇది మీమీద గౌరవంతోనే చెబుతున్నాను.

నాన్నగారికి ఫోన్‌లో చెప్పను. ఈ శీతాకాలం సికింద్రాబాద్ వెళతాను. ఆ నోటుపుస్తకంలోని పేర్ల విషయంలో ఆయనకు సాయం చేయడం ఆపను, ఎందుకంటే ఆ మనుషుల పేర్లు, ఊళ్లు ఇంకెవరి దగ్గరా లేవు, అవి ఏ విశ్వాసం కోసం సేకరించినా సేకరించదగినవే.

అమ్మా, మీకొక ప్రశ్న మిగిలింది. మా ఇద్దరి జీతాలూ ఒకే ఖాతాలో ఉన్నాయి. సంఘపు పెట్టుబడుల సంస్థ తన వాటాలను వేర్వేరు చిన్న సంస్థల పేర్లతో చూపినందుకు 2023 ఫిబ్రవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఆ సంస్థకూ సంఘానికీ కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా వేసిన తర్వాత, నా భాగం దశమభాగం ఇవ్వడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. నా భార్యకు మాత్రం అది దేవునికి ఇచ్చిన మాట. మీ ఇంట్లో దీన్ని ఎలా నడిపారు?

జవాబు: గోదావరి ఆడపడుచు (అరిజోనా)

అన్నయ్యగారూ, మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది దీనిమీదే కాబట్టి అడగడం మంచిదైంది. నా జీతంలో పదోవంతు నేను సంఘానికి ఇస్తాను, బిషప్ గారితో జరిగే ఏడాది చివరి దశమభాగ ముఖాముఖిలో నా ఆదాయానికి నేనే జవాబు చెబుతాను. మా వారు తన జీతంలో అంతే మొత్తం పక్కన తీసి, మా ఊరి ఆహార నిధికీ, రాజమండ్రిలో మా పిన్ని నడిపే పిల్లల ట్యూషన్‌కూ ఇస్తారు. ఎంత ఇవ్వాలన్నదాని మీద మా మధ్య తేడా ఎప్పుడూ లేదు, ఎవరికివ్వాలన్న దాని మీదే ఉంది. అది తెలిశాక గొడవ తగ్గింది. ఖాతాలు విడదీయలేదు. మీ భార్యతో మాట్లాడేటప్పుడు జరిమానా సంగతి కంటే ముందు, ఇవ్వడం మానను అన్న మాట చెప్పండి.